చేప రంగు దిగితే దొడ్డుప్పు

పంటి డాక్టరు నా కింది దవడకు సూది వేసి, "మొద్దుబారేదాకా బయట కూర్చోండమ్మా" అని పంపించేశాడు. ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ వెళ్ళే దారిలో మెట్ల కింద ఇరుక్కున్న చిన్న క్లినిక్ అది. నాలుగు కుర్చీలు, ఒక టీవీ, రిసెప్షన్ బల్ల మీద ఒక గాజు తొట్టి. టీవీలో వార్తలు చూస్తే పంటినొప్పికి తలనొప్పి తోడవుతుందని తొట్టి వైపు తిరిగాను. అందులో సగం వేలంత పొడుగు గప్పీ చేపలు తిరుగుతున్నాయి. ఒక మగచేప ఆడచేప ముందుకొచ్చి, ఒళ్ళు వంచి, తోక విప్పి వణికించింది. ఆ తోక చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

నడుమ నీలం, చివర కాలిన ఇటుక రంగు. రెండూ కలిసేచోట గీత గీసినట్టు ఉండదు. ఇక్కత్ చీర మీద పువ్వు అంచులాగా ఒకదాంట్లోకి ఒకటి పాకి ఉంటుంది. ఆ తోకను నేను ఒక్కచోటే చూశాను. కొత్తపేటలో, రైతుబజారు వెనక సందులో, ఒక చీరల కొట్టులో. ఆ కొట్టు ఆయన పోయి రెండేళ్ళయింది. నోరు సగం మొద్దుబారింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే "బాబాయ్‌గారూ!" అని అరిచి ఉండేదాన్ని.

నాది భీమవరం వైపు. చైతన్యపురిలో ఒక కోచింగ్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో గది వెతుక్కుంటూ ఆయన ఇంటికి వెళ్ళాను. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక పాత బావి, పైన కిరాయికి ఒక గది. ఆయన నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. నా చున్నీ కొస పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు.

"గిది యాడ కొన్నవ్ బిడ్డా?"

"విజయవాడలోనండీ."

"మోసం చేసిండు. రెండో ఉతుక్కే దిగుతది. పైన రూమ్ చూసి రా, గింతల నేను దొడ్డుప్పు నీళ్ళు కలుపుత."

నేను పైకి వెళ్ళి గది చూసి దిగేసరికి, రంగు నిలవడానికి బకెట్లో కల్లుప్పు నీళ్ళు సిద్ధం. ఒంటి మీద ఉన్న చున్నీ తీసిచ్చేదాకా వదల్లేదు. వాళ్ళావిడ తన పాత చున్నీ ఒకటి తెచ్చి నా భుజాన వేసి, "ఈయనకు ఇదొక రోగం. నువ్వేం అనుకోకమ్మా" అంది. గదిలో చేరిపోయాను.

వాళ్ళది పోచంపల్లి. తాతల నాటి నుంచీ మగ్గాలు, రంగు తొట్లు. ఆయనకు లోకమంతా రంగుల్లోనే కనబడేది. ఎరుపు, పచ్చ అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఎరుపంటే ఏ ఎరుపు? దానిమ్మ గింజ ఎరుపా, ఎండుమిరపకాయ ఎరుపా, ఏడ్చిన కంటి ఎరుపా?" అని నిలదీసేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళ పేర్లు ఆయనకు గుర్తుండవు, కొన్న చీరలు గుర్తుంటాయి. "మొన్న నెమలికంఠం మేడం ఒచ్చింది. పాపం, మోకాళ్ళ నొప్పులట" అనేవాడు. నప్పని రంగు అడిగితే అమ్మేవాడు కాదు. పక్క కొట్టుకు పొమ్మనేవాడు. తొందరపెడితే ఆయన నోట ఒకటే మాట: "ఆగమాగం చేస్తే రంగు పట్టది."

గల్లాపెట్టె పక్కన చేపల తొట్టి ఉండేది. బావిలో దోమలు పెరగకుండా ఎప్పుడో ఎవరో గప్పీ చేపలు వేశారట. వాటిలో ఒకదాని తోక మీద నీలం, ఇటుక రంగు కలిసిన తీరు ఆయన కంటబడింది. దాన్ని పైకి తీసి, దాని పిల్లల్లో అలాంటి తోక ఉన్నవాటినే తొట్టిలో ఉంచి, మిగతావాటిని మళ్ళీ బావిలోకి పంపుతూ ఏళ్ళ తరబడి ఆ డిజైన్ నిలబెట్టాడు. మేము పుస్తకంలో దీన్ని ఎంపిక ప్రజననం అంటాం. ఆయన "ఏరుడు" అనేవాడు. తొట్టికి ఎప్పుడూ బావి నీళ్ళే. "మా బాయి నీళ్ళకు రంగు నిలుస్తది" అని ఆయన గర్వం. చీర సంగతి ఏమో గానీ, చేప సంగతిలో ఆ మాట నిజమేననుకునేదాన్ని.

ఒక ఏడాది ఎండలు ముదిరాక, కాలేజీ నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు, కింద నుంచి పిలుపు.

"టీచరమ్మా! జర కిందికి రా. పరేషాన్ అయితాంది."

వెళ్ళేసరికి ఆయన తొట్టి అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాడు. చేతిలో నీలం నూలు చిలప, మగ్గానికి వాడే దారపు చుట్ట. దాన్ని అద్దానికి ఆనించి, "చూడు" అన్నాడు. చిలప ఎలా ఉందో చేప తోక కూడా అలా ఉండాలి. తోక మాత్రం ఉతికి ఉతికి ఎండేసిన లుంగీలా ఉంది. ఇటుక రంగు పూర్తిగా పోయింది. మగవి ఆడవాటి ముందు ఆడటం మానేసి మూలల్లో నిలబడ్డాయి. ఆడవాటి పొట్టలు చదునుగా ఉన్నాయి.

"అన్నిటి రంగు దిగింది. పిల్లలు గూడ ఐతలేవు. అడుగుల ఆ నలుసులు కనబడుతున్నయ్ సూడు, అవే ఆఖరి పిల్లలు. గీ తోక దునియాల ఇంకెక్కడ లేదు బిడ్డా. ఇవి పోతే డిజైన్ పోయినట్టే."

అది నిజం దుఃఖం. నేను నీటిలో వేలు ముంచి వాసన చూశాను. వేలు నాలుకకు తగిలింది.

"ఇదేంటండీ బాబాయ్‌గారూ, ఉప్పగా ఉన్నాయి?"

"రంగు దిగుతుంటే ఏం చేస్తరు? దొడ్డుప్పు ఏసిన."

"చేపలకా!"

"చీరకు పట్టంగ చేపకు పట్టదా? గుప్పెడే ఏసిన."

లోపలి నుంచి వాళ్ళావిడ గొంతు వినిపించింది: "ఇయ్యాల ఉప్పేసిండు. రేపు చింతపండు, కారం ఏస్తడు. ఎల్లుండికి పులుసు తయారైతది. కూసో బిడ్డా, తిని పోదువు."

నవ్వాపుకోలేకపోయాను. ఆయనకు కోపం వచ్చింది. పైగా నా దురదృష్టం, గప్పీలకు కొద్దిగా ఉప్పు పడుతుంది. అవి ఆ పూట కాస్త చురుగ్గానే తిరుగుతున్నాయి. "చూసినవా? నీకు చదువుంది, నాకు ఉప్పుంది" అన్నాడు. రంగు మాత్రం తిరిగి రాలేదు.

నాకు అనుమానం బావి మీద. అంతకు కొన్ని నెలల ముందు సందు రోడ్డు తవ్వారు. గోడ అవతలి మురుగు పైపు కదిలినట్టుంది, బావి దగ్గర మురుగు వాసన పలచగా వస్తూ ఉండేది. అది చెప్పే ముందు హార్మోన్ల పాఠం చెప్పాల్సి వచ్చింది. క్లాసులో నేను దాన్ని బిట్లుగా చెప్తాను. నాలుగు ఆప్షన్లు, ఒక టిక్కు, అయిపోయింది. ఆయనకు అలా కుదరదు.

"ఒంట్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కబురు వెళ్తుందండీ. నువ్వు మగచేపవి, రంగు వేసుకో, ఆడు అని. ఆ కబురే హార్మోను. మనం మింగే కొన్ని మాత్రలు, కొన్ని సబ్బులు, పురుగుమందులు, ప్లాస్టిక్‌లోంచి ఊరే రసాయనాలు మురుగులో కలిసి నీళ్ళలోకి చేరతాయి. వాటిలో కొన్ని అచ్చం ఆడ హార్మోనులాగే పనిచేస్తాయి. మగచేప ఒంట్లోకి వెళ్ళి, నువ్వు ఆడదానివి అని చెప్తాయి. అది నమ్మేస్తుంది. రంగు దిగిపోతుంది, ఆట మానేస్తుంది. గుడ్డు సొనకు కావలసిన సరుకు దాని కాలేయం తయారుచేయడం మొదలుపెడుతుంది. కొన్ని జాతుల్లో మగవాటి వృషణాల్లోనే గుడ్లు కనబడతాయి. ఆడవాటికీ లెక్క తప్పుతుంది, పిల్లలు తగ్గిపోతాయి."

ఆయన చేతిలోని నూలు చిలపను విప్పి, మళ్ళీ చుట్టాడు.

"అంటే దొంగ ఆర్డర్ ఒచ్చినట్టన్నట్టు. లుంగీలు నేసెటోనికి ఎవడో చీర ఆర్డర్ పంపిండు. వాడు లుంగీ ఆపిండు, చీర నెయ్యరాదు. మగ్గం ఖాళీ."

ఇంతకంటే బాగా చెప్పిన పాఠ్యపుస్తకం నేను చదవలేదు. ఇప్పటికీ క్లాసులో ఆ దొంగ ఆర్డరే చెప్తాను. పిల్లలు మిగతా అధ్యాయం మర్చిపోతారు, అది మర్చిపోరు.

"మరి ఆ దొంగ యాడ నుంచి ఒచ్చిండు?" అన్నాడు.

"మీ బావిలోంచి అని నా అనుమానం."

అంతే. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. "బాయికి వంక పెడ్తవా" అని ఒక్క మాట వెనక్కి తిరగకుండానే అన్నాడు. తర్వాత కొన్నాళ్ళు పొద్దున పూట పైకి వచ్చే టీ రాలేదు. మెట్ల మీద ఎదురైతే నా చీర అంచు కూడా చూడకుండా వెళ్ళిపోయేవాడు. అప్పుడు తెలిసింది కోపం ఎంతదో.

ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. ఆయనే. "మీ అమ్మ పంపిన ఆవకాయ సీసాలు ఖాళీ అయినయా?" అన్నాడు. అవక ఏమవుతాయి, అందులో సగం ఆయనే తిన్నాడు. రెండు పెద్ద గాజు సీసాలు కడిగిచ్చాను. కారం వాసన పోయేదాకా ఆయన మళ్ళీ కడిగాడు. తొట్టి అడుగున మిగిలిన ఆఖరి పిల్లల్ని సగం ఒకదాంట్లో, సగం ఇంకోదాంట్లో వేశాడు. ఒక సీసాలో బావి నీళ్ళు. రెండోదాంట్లో కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్ళు, క్లోరిన్ వాసన పోవడానికి రెండు రోజులు టబ్బులో ఆపినవి. మేతా ఎండా రెంటికీ ఒకటే.

"నా బాయి గెలుస్తది. గెలిస్తె నువ్వు దానికి వంక పెట్టినందుకు మాఫీ అడగాలె" అన్నాడు. గెలవాలనే అనుకున్నాను నేను కూడా. ఆ ముసలాయన బావి ఓడిపోతే చూడాలని నాకేమీ లేదు.

ఇక రోజూ పొద్దున ఆయన పని సీసాల ముందు. గప్పీ పిల్లలకు మొదట రంగుండదు. మగవాటికి పెరిగేకొద్దీ వస్తుంది. నూలు చిలపలు, గుడ్డముక్కలు, ఏది చేతికందితే అది సీసాకు ఆనించి చూసేవాడు. ఒకరోజు పెళ్ళిచీర కొనడానికి పెద్ద కుటుంబమే వచ్చింది. పెళ్ళికూతురు ఇష్టపడిన పట్టు ఇక్కత్ పల్లూ ఆయన చేతిలో సీసా దగ్గరకు చేరింది. "కొంచెం ఆగుండ్రి. ఈ ఇటుక రంగు ఒచ్చిందా లేదా చూడనీ" అన్నాడు. పెళ్ళికూతురు తల్లి ముఖం చూడాలి. వాళ్ళావిడ పరుగున వచ్చి పల్లూ లాక్కుని, "గా చేపల పెండ్లి తర్వాత, ముందు ఈ పిల్ల పెండ్లి కానియ్యి" అంది. వాళ్ళు నవ్వి ఆ చీరే కొన్నారు.

ఈలోగా, ఇక్కడ అందరూ చేప తినే మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు సందంతా చేపల పులుసు వాసనే. ఆయన చేపలు ఇష్టంగా తినేవాడు. "ఇవి వేరు, అవి వేరు" అనేవాడు. నన్ను తోడు రమ్మని చేపల దుకాణానికి తీసుకెళ్ళాడు. రవ్వ చేప కడుపు కోసి గుడ్ల జన తీసి చూపించింది అమ్మే ఆవిడ.

"ఇది ఆడదే అని నమ్మకమేనా అమ్మా?" అన్నాడు ఆయన.

"కడుపుల జన కనబడ్తలేదా?"

"జన ఉంటె ఆడదే అనుకోకు. ఏ దొంగ ఆర్డర్ మీద తయారు చేసిందో ఎవరికి ఎర్క?"

ఆవిడ కత్తి పక్కన పెట్టి నా వైపు చూసింది. "మీ నాయన మంచిగనే ఉన్నడా?" అంది. "పండగ కదండీ, కొంచెం హుషారుగా ఉన్నారు" అన్నాను. జన వేపుడు మాత్రం అద్భుతంగా కుదిరింది. మా వైపు కూడా అంత బాగా చేయరని అమ్మకు ఫోన్ చేసి చెప్పి తిట్లు తిన్నాను.

తీర్పు వచ్చిన పొద్దున ఆయన నన్ను పిలవలేదు. నేనే కిందికి దిగి చూస్తే, సీసాల ముందు పీట వేసుకుని కదలకుండా కూర్చుని ఉన్నాడు. కృష్ణా నీళ్ళ సీసాలో ఒక మగపిల్ల ఒళ్ళు వంచి తోక విప్పింది. నడుమ నీలం, చివర ఇటుక, మధ్యలో ఆ పాకిన అంచు. బావి నీళ్ళ సీసాలో పిల్లలన్నీ కడిగిన బియ్యంలా తెల్లగా ఉన్నాయి.

నేను నా వృత్తి ధర్మం ప్రకారం మొదలుపెట్టాను. "ఇది రుజువు కాదండీ. ఒక్కో సీసాతో ఏమీ తేలదు. ల్యాబులో నీళ్ళు పరీక్ష చేయించాలి. ఇంకేదో కారణం కూడా ఉండొచ్చు..."

"నీ లెక్క నీది. నా కండ్లు నావి" అన్నాడు మెల్లగా. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. డిజైన్ బతికిందన్న సంతోషమా, బావి ఓడిందన్న బాధా అంటే, రెండూ. లేచి బావి గట్టు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. సాయంత్రానికి దాని మీద ఇనుపరేకు మూత పడింది. వెలిసిన పిల్లల్ని, తొట్టిలోని పెద్దవాటిని కూడా మంచి నీళ్ళలోకి మార్చాడు. ఆ వారమంతా సందులో ఇంటింటికీ తిరిగి అందర్నీ కూడగట్టి, పగిలిన పైపు మార్పించేదాకా ఊరుకోలేదు. తీర్పు వచ్చిన పొద్దునే నాకు టీ మళ్ళీ వచ్చింది. మాఫీ ఎవరూ అడగలేదు.

అక్కడితో ఆగితే ఆయన ఆయనే కాదు. మిగిలిపోయిన మాత్రలు సింకులోనో టాయిలెట్‌లోనో పారేస్తే అవి కూడా నీళ్ళలోకే చేరతాయని నేను నోరుజారి చెప్పాను. మర్నాటికి గల్లాపెట్టె పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా వెలిసింది. చీర కొనడానికి వచ్చినవాళ్ళను ఆయన ముందు అడిగే ప్రశ్న మారిపోయింది. "ఇంట్ల పాత గోళీలు ఉన్నయా?" పెళ్ళిబృందాలు ఉలిక్కిపడేవి. "బీపీవా, షుగర్‌వా, ఏవైనా సరే. సింకుల పారెయ్యకుండ్రి, నాకు తెచ్చియ్యుండ్రి. మొగచేపలు ఆగమైతున్నయ్" అని చెప్పేవాడు. కొందరు నవ్వేవారు, కొందరు నిజంగానే తెచ్చేవారు. డబ్బా నిండితే నేను తెలిసిన మందుల షాపాయనకు ఇచ్చేదాన్ని. ఆయన ఆసుపత్రి చెత్తతో పాటు కాల్చడానికి పంపేవాడు. "చీరల కొట్టా, దవాఖానా?" అని ఇంటావిడ రోజూ దెప్పేది.

తొట్టి మళ్ళీ నిండింది. "ఈమె నీళ్ళోసుకున్నది" అంటూ పొట్టతో ఉన్న ప్రతి ఆడచేపనూ వాళ్ళావిడే అందరికీ చూపించేది. పిల్లలు మరీ ఎక్కువైతే బావిలోకి పంపే దారి ఇక లేదు కదా. కవరులో నీళ్ళుపోసి, జంటను వేసి, చీరతో పాటు ఇచ్చేవాడు. అందరికీ కాదు. పాత గోళీలు తెచ్చినవాళ్ళకే. ఎంత బతిమాలినా, ఎంత ఖరీదు చీర కొన్నా, అంతే.

పెళ్ళయ్యాక నేను మన్సూరాబాద్ వెళ్ళిపోయాను. నాకూ ఒక జంట ఇస్తానన్నాడు, కానీ అత్తగారింట్లో పిల్లి ఉందని వద్దన్నాను. అప్పుడప్పుడు వెళ్ళి తొట్టి చూసి వచ్చేదాన్ని. ఆయన పోయిన కబురు తెలిసి వెళ్ళేసరికి ఇల్లంతా జనం. తర్వాత మరోసారి వెళ్తే కొట్టు లేదు, తొట్టి లేదు, ఇంటావిడను కూతురు ఉప్పల్ తీసుకెళ్ళింది. చేపలేమయ్యాయో ఎవరికీ తెలియదు. ఆయన పోయిన దుఃఖం మీద నాకు అదొక ప్రత్యేక దుఃఖం. డిజైన్ పోయింది అనుకున్నాను.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో, పంటి డాక్టరు దగ్గర, తోక విప్పి ఆడుతోంది అది.

రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగాను. సగం నోటితో నా మాటలు ముద్దముద్దగా వచ్చాయి. "ఇవి ఎక్కడివమ్మా?"

"మా అక్క పెండ్లిచీరతో ఒచ్చినయ్ మేడం. కొత్తపేటల ఒక తాతుండె, ఆయన ఇచ్చిండు. మా ఇంట్ల మస్తు పిల్లలైనయ్. మా అక్క అత్తగారింట్ల, మా మేనత్త ఇంట్ల, అన్ని చోట్ల ఇవే."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పంటినొప్పి అనుకుని ఆ అమ్మాయి టిష్యూ ఇచ్చింది.

"నాకొక జంట ఇస్తావా?" అన్నాను. మా పిల్లి ముసలిదైపోయింది, తొట్టిని ఫ్రిజ్ మీద పెడితే అంత ఎత్తు అది ఇక ఎక్కలేదు.

"ఇస్త గని, ఊకె ఇయ్యం మేడం. ఇంట్ల పాత గోళీలుంటె తెండి. మాకిచ్చిన తాత అట్లనే ఇయ్యాలె అన్నడు." బల్ల కింది నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి పైన పెట్టింది. అడుగున నాలుగైదు రకాల మాత్రల అట్టలు.

హ్యాండ్‌బ్యాగ్ తిరగేశాను. ఇదే పన్ను కోసం పోయినేడాది కొని, సగం మింగి వదిలేసిన నొప్పి మాత్రలు దొరికాయి. తేదీ దాటిపోయింది. డబ్బాలో వేశాను. ఆ అమ్మాయి వలతో ఒక జంటను పట్టి, కవరులో వేసి, రబ్బరుబ్యాండు చుడుతూ, "కుళాయి నీళ్ళు రెండు దినాలు ఆపి పొయ్యుండ్రి. ఆగమాగం చేస్తే రంగు పట్టది" అంది.

లోపలి నుంచి డాక్టరు పిలిచాడు. కవరు ఎక్కడ పెట్టాలో తెలియక పొట్ట మీద పెట్టుకునే కుర్చీలో వాలాను. పన్ను పీకుతున్నంతసేపూ మగచేప తోక విప్పి ఆడుతూనే ఉంది, నేను దాన్నే చూస్తూ ఉన్నాను. నొప్పి ఏమాత్రం తెలియలేదు. సూది బాగా పనిచేసిందని డాక్టరు అనుకున్నాడు.